పక్క రాళ్ళ గోడు ఎవరికి పట్టింది?

ఇప్పుడు నిశ్చితార్థపు ఉంగరం కోసం వచ్చే పిల్లలు ముందు చెయ్యి చాపరు, ఫోను చాపుతారు. అందులో ఒక బొమ్మ ఉంటుంది. నడుమ కోలగా పెద్ద రాయి, అటొకటి ఇటొకటి చిన్న రాళ్ళు, కింద సన్నాతిసన్నటి బంగారు తీగ. "అచ్చం ఇట్లాగే కావాల" అంటారు. ఆ బొమ్మలోని చెయ్యి ఎవరిదో వాళ్ళకు తెలియదు. ఆ చెయ్యి అంట్లు తోముతుందో, కంప్యూటరు కొడుతుందో, ఆ ఉంగరం దాని మీద ఏడాదైనా నిలిచిందో లేదో చెప్పేవాళ్ళు లేరు. కౌంటరు వెనకున్న కుర్రాడు ఆ బొమ్మను తన ఫోనులోకి పంపించుకుని, నడిమి రాయి ఎన్ని క్యారట్లు, బడ్జెట్ ఎంత అని రెండు ప్రశ్నలు అడుగుతాడు. దాంతో డిజైన్ అయిపోయినట్టే. పక్క రాళ్ళ గురించి ఒక్క మాట ఉండదు.

నాకు కోపం వచ్చేది అక్కడే. నేను ప్రొద్దుటూరు కంసాలిని. రాళ్ళు తాపి తాపి కళ్ళు అరిగినవాణ్ణి. ఒంటి రాయిని నిలబెట్టడం నేర్చిన కుర్రాడికి పక్క రాళ్ళు కుదర్చడం రావాలంటే మా కుంపటి దగ్గర ఇంకా కొన్నేళ్ళు పట్టేది. మూడు రాళ్ళ ఉంగరంలో పనితనమంతా ఆ రెండు చిన్న రాళ్ళలోనే ఉంటుంది. అవి కుదిరితే నడిమి రాయి నిండుగా కనిపిస్తుంది. కుదరకపోతే ఎంత ఖరీదైన రాయైనా వెలవెలపోతుంది. ఈ సంగతి చెప్పేవాడూ లేడు, అడిగేవాడూ లేడు.

మా రోజుల్లో ఉంగరం చేయించడానికి ఇల్లంతా కదిలి వచ్చేది. మా వైపు నిశ్చయ తాంబూలాలకు ఉంగరం ఉండి తీరాలన్న నియమం లేదు. తాంబూలాలు మార్చుకుని లగ్నపత్రిక రాయించుకుంటే మాట ఖాయం. ఉంగరం పెట్టే ఆనవాయితీ ఉన్న ఇళ్ళ నుంచి మాత్రం పిల్లోడి తల్లి, మేనత్త, కుదిరితే పిల్ల తరఫు పెద్దామె ఒకరు కూడా వచ్చి కుంపటి ముందర చాప మీద కూర్చునేవారు. పిల్లోడి తల్లి కొంగు ముడి విప్పి విరిగిన గాజో, అత్తగారి నాటి కాసో తీసేది. దాన్ని వాళ్ళ ఎదుటే గీటురాయి మీద గీసి, తూచి, మూసలో వేసి, వెలిగారం చల్లి కరిగించేవాళ్ళం. చిన్న తరాజులో గురిగింజలతో తూచిన తూకాలు నా చేతికి ఇంకా గుర్తే. "ఆచారీ, కోడలు సేద్యం ఇంటి పిల్ల, పేడ కళ్ళు ఎత్తే చెయ్యి, రాయి ఎత్తుగా పెట్టొద్దు" అని ఆమె ముందే చెప్పేది. డిజైన్ అంటే మాకు అదే. చెయ్యి ఎట్లాంటిది, ఇంట్లో ఏ రాళ్ళున్నాయి, ఆ రాళ్ళకు ఎంత బంగారం కావాలి. ఈ వరసలో సాగేది పని. ఇప్పుడది తలకిందులైంది. ముందు బొమ్మ, తర్వాత బంగారం, ఆ పైన బంగారానికి సరిపడే రాళ్ళు. చివరికి ఎప్పుడో వేలు.

పాత కాలమంతా పాలూ తేనే అని నేను అనను. గీటురాయి మీద గీత చూసి వన్నె చెప్పే విద్య చేసేవాడికి తెలిసినంతగా కొనేవాడికి తెలియదు. ఆ తేడాను తిన్నవాళ్ళు మాలోనూ ఉన్నారు. ఇవాళ హాల్‌మార్కు ఉంది. 22 క్యారట్లయితే 916 అని, 18 క్యారట్లయితే 750 అని ముద్ర ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ అనే ఆరు అక్షరాంకెల గుర్తింపు కోడు లేనిదే దుకాణంలో హాల్‌మార్కు నగ అమ్మకూడదు. చాలా మంచి పని. కానీ ఆ ముద్ర చెప్పేది బంగారం సంగతే. రాయిని పట్టుకున్న గోరు ఎంత మందముందో, ఆ గోరు కింద రాయి కూర్చునే గాడి సరిగ్గా తెగిందో లేదో ఏ ముద్రా చెప్పదు. అది చేసినవాడు చెప్పాలి. చేసినవాడు ఇప్పుడు ఎవరికీ కనపడడు.

కనపడకుండా పోవడం కూడా ఒక్కనాటితో జరగలేదు. చైనా యుద్ధం తర్వాత 1963 జనవరిలో, మొరార్జీ దేశాయ్ ఆర్థిక మంత్రిగా ఉండగా, 14 క్యారట్లకు మించిన బంగారంతో కొత్త నగ చేయకూడదన్నారు. నాకప్పుడు మీసాలు వస్తున్న ఈడు. 22 క్యారట్ల మెత్తని బంగారంతో ఆడుకున్న చేతులకు ఆ గట్టి లోహం లొంగలేదు, జనానికి దాని రంగు నచ్చలేదు. కుంపట్లు ఆరిపోయాయి. దేశంలో ఎందరో కంసాలులు కూలికి పోయారు, ప్రాణాలు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. 14 క్యారట్ల నిబంధన తర్వాత ఎత్తేశారు గానీ 1968లో బంగారు నియంత్రణ చట్టమే వచ్చింది, అది 1990 దాకా నడిచింది. మా బజార్లో అప్పుడు పని మానినవాళ్ళ పిల్లలు మళ్ళీ కుంపటి ముందుకు రాలేదు. ఇవాళ ఏ పిల్లైనా "18 క్యారట్లయితే రాయి గట్టిగా నిలుస్తుందంట తాతా" అంటే, ఔను తల్లీ, నిజమే అంటాను. గోళ్ళతో పట్టే పనికి 22 మెత్తనైపోతుంది. ఆ గట్టి బంగారాన్ని మెల్లగానైనా లొంగదీసుకోగల చేతులు ఆనాడే చెల్లాచెదురు కాకుండా ఉంటే ఎంత బాగుండేదో అని కడుపు మండుతుంది.

వజ్రం మనకు కొత్త వస్తువేం కాదు. బ్రెజిల్‌లో 18వ శతాబ్దంలో గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలు ఎక్కువగా మన దేశం నుంచే పోయాయి. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వచ్చి చూసి రాసిపెట్టాడు. ఆ నేల ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. తొలకరి పడితే మా సీమలో జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో ఈనాటికీ జనం వంగి వంగి వెతుకుతారు. అయితే వజ్రం లేనిదే పెళ్ళి మాట ఖాయం కాదన్న అలవాటు మాత్రం బయటిది. వజ్రం శాశ్వతం అన్న ప్రకటన 1947లో అమెరికాలో డి బీర్స్ కంపెనీ కోసం ఫ్రాన్సిస్ గెరెటీ అనే ఆమె రాసింది. అక్కడి నుంచి ఆ అలవాటు ప్రాకి ఇక్కడికి వచ్చింది. వచ్చిందిలే, రానీ. ఇష్టపడి పెట్టుకుంటే అందమే. బ్రిటన్ రాకుమారుడు హ్యారీ 2017లో మేఘన్‌కు పెట్టిన ఉంగరంలో నడిమి రాయి బోట్స్వానాది, పక్క రాళ్ళు రెండూ అతని తల్లి డయానా నగల్లోవి. ఆ ఉంగరం బొమ్మ నాకు ఎందరో చూపించారు, అట్లాగే చెయ్యమన్నారు. పక్క రాళ్ళు తల్లివి అన్న సంగతి చెబితే మాత్రం ఎవరికీ పట్టలేదు. తన ఇంట్లో అవ్వ దుద్దుల్లో రెండు రవ్వలున్నాయి కదా, అవి తెద్దామన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

పక్క రాళ్ళు కుదర్చడం అంటే ఏందో చెబుతాను, వినండి. రెండూ ఒకే కొలత ఉంటే చాలదు. మద్రాసు నుంచో బొంబాయి నుంచో వచ్చిన పొట్లం విప్పి, తెల్లకాయితం మీద రాళ్ళు బోర్లా పరిచేవాళ్ళం. బోర్లా ఎందుకంటే, రాయిని తిప్పి మొన పైకి పెడితే మెరుపు అడ్డం రాదు, అసలు రంగు బయటపడుతుంది. అదీ పొద్దున పూట, ఎండ నేరుగా పడని చోట. దీపం వెలుగులో రంగు చూసినవాణ్ణి మా నాయన పని మీద నుంచి లేపేవాడు. ఇప్పుడు డి నుంచి జెడ్ దాకా అక్షరాలు పెట్టి రంగు చెబుతున్నారే, ఆ అక్షరాలు ఇచ్చే ల్యాబుల్లోనూ రాయిని అట్లా బోర్లా పెట్టే చూస్తారు. రంగు కలిశాక మందం చూడాలి. ఒకటి లోతుగా, ఒకటి పల్చగా ఉంటే పైనుంచి రెండూ ఒక్కటిగానే కనిపిస్తాయి, పొదిగాక ఒకటి వెలుగుతుంది, రెండోది నిద్రపోతుంది. ఆ తర్వాత నడిమి రాయితో పొత్తు. తోడిపెళ్ళికూతురు పెళ్ళికూతురి కన్నా మెరిసిపోకూడదు, మరీ మాసిపోయీ ఉండకూడదు. నడిమిది మంచి తెలుపైతే పక్కవి ఒకటి రెండు మెట్లు దిగవచ్చు, అంతకు మించితే పసుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒక జత కుదరడానికి వారాలు పట్టిన రోజులున్నాయి. జత దొరకలేదని తాంబూలాల ముహూర్తానికి ఒంటి రాయి ఉంగరమే పెట్టి, రాళ్ళు వచ్చాక పక్కలు కట్టించుకున్న ఇళ్ళున్నాయి. ఎవరూ నొచ్చుకోలేదు.

ఇప్పుడో? నడిమి రాయికి సర్టిఫికెట్టు ఉంటుంది, నంబరు ఉంటుంది, ఆ నంబరు రాయి నడుము మీద లేజరుతో రాసి ఉంటుంది. పక్క రాళ్ళకు ఏమీ ఉండదు. "సైడ్ స్టోన్స్" అని బిల్లులో ఒక వరస, మొత్తం ఎన్ని సెంట్లో ఒక అంకె. అవి ఏ రంగువి, గనివా ల్యాబువా, రెండూ ఒకే పొట్లంలోవా కావా, రాసి ఉండదు. ల్యాబులో పెంచిన వజ్రాన్ని నేను తక్కువ చేయను. అదీ వజ్రమే, గట్టిదనంలో, మెరుపులో తేడా లేదు. చిన్న పలక మీద వాయువుల్లోంచి పొర మీద పొర పేరి వారాల్లో పెరుగుతుంది. తెలిసి కొనుక్కుంటే తప్పేమీ లేదు, ధరా బాగా దిగింది. కానీ గని రాయి ధర పెట్టినవాడి ఉంగరంలో చిన్న రాళ్ళు ల్యాబువి కలిస్తే నా భూతద్దానికి కూడా దొరకవు, మిషను పెట్టి చూడాల్సిందే. కాబట్టి పక్క రాళ్ళ సంగతి కాయితం మీద రాయించుకోవాలి. ఇదీ మనవాళ్ళు అడగరు.

కట్టుబడి సంగతి ఇంకా అన్యాయం. ఒక క్యారట్ గుండ్రని వజ్రం అడ్డం సుమారు ఆరున్నర మిల్లీమీటర్లు. పక్కన పాతిక సెంట్ల, అంటే పావు క్యారట్ రాళ్ళు పెడితే ఒక్కోటి నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు. మొత్తం పద్నాలుగున్నర దాటుతుంది. సన్నటి ఆడపిల్ల వేలికి ఉంగరం లోపలి అడ్డం పదహారు మిల్లీమీటర్లు ఉంటే గొప్ప. అంటే మూడు రాళ్ళూ కలిసి వేలి వెడల్పంతా ఆక్రమిస్తాయి. వేలేమో గుండ్రం. పక్క రాళ్ళను కాస్త దించి, వేలి వంపుకు వాల్చి కట్టకపోతే ఉంగరం బల్లపరుపుగా నిలబడుతుంది, పక్కవేళ్ళను గీరుతుంది, కొంగుకూ జడకూ తగులుకుంటుంది. ఆ వాలు ఎంత ఉండాలో వేలు పట్టుకుని చూస్తే గానీ తెలియదు. మేం మైనపు ముద్ద మీద రాళ్ళు అమర్చి, పిల్ల వేలి మీద పెట్టి, పిడికిలి బిగించమని, విప్పమని చూసేవాళ్ళం.

కంప్యూటరులో గీయడం తప్పనడం లేదు. గీసిన దాన్ని మైనంలో ప్రింటు తీసి, సుద్దలో పాతి, మైనం కరిగించి, ఆ ఖాళీలో బంగారం పోస్తున్నారు. పద్ధతి పాతదే, మన పంచలోహ విగ్రహాలు పోసిందీ మైనం కరిగించే. రెండు పక్కలూ ఒక్కటిగా రావడంలో మిషను చేతిని ఓడిస్తుంది, ఒప్పుకుంటాను. చిక్కెక్కడంటే, తెర మీద ఉంగరం చెయ్యంత కనిపిస్తుంది. అందులో గోరు లావుగా, మొరటుగా అనిపిస్తుంది. పిల్ల "ఇంకొంచెం సన్నం చేయండి" అంటుంది. గీసేవాడు సన్నం చేస్తాడు. మళ్ళీ సన్నం. అసలు కొలతకు దిగేసరికి అర మిల్లీమీటరు కూడా మిగలదు. ఆ గోరు ఏడాది పాటు బ్యాగు జిప్పుకూ, స్కూటీ హ్యాండిలుకూ, గ్యాసు స్టవ్వు అంచుకూ రాసుకుంటే ఏముంటుంది? పైగా అచ్చు పోసేటప్పుడే గాళ్ళు కూడా పోసేస్తారు, రాయి దానికి సరిగ్గా అదే కొలత ఉంటుందనుకుని. వచ్చిన రాయి కాస్త పెద్దదైతే గాడిని చెక్కి పల్చన చేస్తారు, చిన్నదైతే గోరును దాని మీదికి లాగుతారు. రెండు రకాలా నష్టం గోరుకే. కర్ర కొనన లక్క కరిగించి ఉంగరం నాటి, సన్న ఉలితో ఏ రాయికి ఆ రాయి కొలత చూసి గాడి తీసే ఓపిక ఎవరికుంది? రాళ్ళ మధ్య సందు కూడా ఉంచడం లేదు, బొమ్మలో సందు బాగుండదని. వజ్రం వజ్రాన్ని తాకుతూ ఉంటే నడుము దగ్గర అంచు పగులుతుంది. వజ్రం పక్కన పచ్చ ఉంటే పచ్చ గీసుకుపోతుంది. వజ్రం గట్టిదనం పది, పచ్చది ఎనిమిదికి లోపే. కెంపూ నీలమూ తొమ్మిది గనుక కొంత నయం.

మొన్నొక పిల్ల వచ్చింది. ఆసుపత్రిలో నర్సు. పెద్ద దుకాణంలోనే చేయించిన ఉంగరం, నిశ్చితార్థమై ఏడాది నిండలేదు, ఎడమ పక్క రాయి లేదు. రోజుకు ఎన్నిసార్లు గ్లవ్సు తొడిగి తీస్తుందో. తొడిగిన ప్రతిసారీ ఆ గోళ్ళకు రబ్బరు చిక్కుకునేదట. దుకాణానికి పోతే, సర్టిఫికెట్టు నడిమి రాయికేనమ్మా, పక్క రాళ్ళకు మాకు బాధ్యత లేదన్నారు. ఉంగరాన్ని భూతద్దం కింద పెట్టి చూశాను. గోళ్ళు నాలుగూ నున్నగా అరిగి మొండి అయ్యాయి. తెల్ల బంగారం మీద వేసిన రోడియం పూత పోయి అక్కడక్కడా పసుపు తేలుతోంది. పూత పోవడం ఎవరి తప్పూ కాదు, తెల్ల బంగారానికి అది మామూలే, ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ వేయించాలి. ఆ మాటైనా ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. "నువ్వు చేసే పనేందో అడిగినారా తల్లీ?" అంటే లేదంది. అడిగి ఉంటే, రాళ్ళ చుట్టూ బంగారు గట్టు కట్టి లోపలికి ఒత్తే పద్ధతిలో చేసేవాళ్ళు. మా కాలంలో పని చేసే చేతులకు అదే చేసేవాళ్ళం. వెలుగు కాస్త తగ్గుతుంది గానీ రాయి ఎక్కడికీ పోదు, గ్లవ్సు చిరగదు.

వేలి కొలత సంగతి క్లుప్తంగా చెబుతాను. పొద్దున కొలిస్తే ఒక లెక్క, సాయంత్రం ఒక లెక్క, మా ఎండాకాలంలో ఇంకొక లెక్క. కణుపు దాటాలి, జారకూడదు. పెళ్ళయ్యాక కానుపులైతే వేలు మారుతుంది. అందుకే ఉంగరం కింది సగం ఉత్త బంగారంగా ఉంచాలి, అక్కడ కోసి పెంచడానికీ తగ్గించడానికీ. ఇప్పుడు చుట్టూతా చిన్న రాళ్ళు పరుస్తున్నారు. అట్లాంటిదాన్ని ఒక సైజు పెంచాలన్నా వంపు మారి రాళ్ళు కదులుతాయి. నా దగ్గరికి వచ్చే రిపేర్లలో సగం ఇవే. ఏమీ చేయలేక తిప్పి పంపుతున్నాను.

మా తమ్ముడి మనవరాలికి సంబంధం కుదిరింది. హైదరాబాదులో ఉద్యోగం, పిల్లోడిదీ అక్కడే. ఇద్దరూ కలిసి ఉంగరం బొమ్మ గీయించుకుని నాకు పంపారు. నడుమ కోల వజ్రం, పక్కన రెండు పచ్చలు, గోళ్ళతో పట్టించినవి. ఫోనులోనే గట్టిగా తగులుకున్నాను. పచ్చలో పుట్టుకతోనే సన్నని బీటలుంటాయి, వాటిలో నూనె పట్టించి అమ్ముతారు, ఎప్పుడన్నా రిపేరుకు సెగ తగిలితే ఆ నూనె పోయి బీటలు బయటపడతాయి, దుకాణంలో కడిగే మిషను నీళ్ళలో వేసినా అంతే అని చెప్పాను. "మరి ఆకుపచ్చ వద్దా తాతా? అవ్వ చెవికమ్మల్లోవి ఉన్నాయి, అవే పెట్టించుకుందామనుకున్నా" అంది. ఆ మాటతో నా గొంతు దిగింది. తనంతట తానే ఇంటి రాళ్ళు పెట్టించుకోవాలని అడిగిన పిల్లను ఈ మధ్య కాలంలో ఆమెనే చూశాను.

పచ్చలే పెట్టుకోమన్నాను. గోళ్ళు తీసేసి రెంటికీ బంగారు గట్టు కట్టించమన్నాను. నడిమి వజ్రానికీ వాటికీ నడుమ సందు వదలమన్నాను. కింది సగంలో ఒక్క రాయీ వద్దన్నాను. గీసినవాడితో కూడా మాట్లాడాను, వినయంగల కుర్రాడే. గట్టు మందం ఎంత ఉంచాలని అడిగాడు, ఇంతవరకు ఎవరూ చెప్పలేదన్నాడు. ముందు బంగారం పోయొద్దు, ఆ చెవికమ్మలు నా దగ్గరికి పంపితే రాళ్ళు ఊడదీసి కొలతలు రాసి పంపిస్తాను, వాటిని బట్టి గీయమని చెప్పాను. మాఘంలో తాంబూలాలు. కమ్మలు వచ్చే ఆదివారం మా తమ్ముడు తెచ్చిస్తానన్నాడు.